మామయ్య కుడి జేబులో కాగితం

మొన్న ఒక ఆదివారం పొద్దున, కాఫీ గ్లాసులు కడిగి బోర్లిస్తూ ఉండగానే ఎదురింటి అవ్వ చెప్పులు ఈడ్చుకుంటూ మా వసారాలోకి వచ్చి, నా ఒడిలో ఒక పెద్ద కవరు పెట్టింది. ఆమె భర్త ఒకప్పుడు ఫ్రెంచి సైన్యంలో పనిచేసినాయన, ఆయన పోయినా ఆయన తెచ్చిపెట్టిన పౌరసత్వం ఆమెకు మిగిలింది, అందుచేత ఎప్పుడు అక్కడ అధ్యక్షుడి ఎన్నిక వచ్చినా ఇక్కడ పుదుచ్చేరిలో సారం వీధిలో ఉన్న ఈమెకు కూడా కవరు వస్తుంది. అందులో పోటీచేసేవాళ్ళందరి బొమ్మలూ, వాళ్ళు చేస్తామన్న పనుల చిట్టాలూ, ఒక్కొక్కరి పేరు అచ్చువేసిన చిన్న చీటీలూ ఉంటాయి. వాళ్ళ పద్ధతిలో ముద్ర గుద్దడం, మీట నొక్కడం ఉండదు. మనకు నచ్చినవాడి పేరున్న చీటీని మడిచి చిన్న కవరులో పెట్టి పెట్టెలో వెయ్యడమే. అవ్వకు కళ్ళు సరిగా ఆనవు. నువ్వు చదువుకున్నదానివి, నీకు ఏది మంచిదనిపిస్తే అది మడిచి ఇవ్వు, నేను పోయి వేసి వస్తాను, నాకేం తెలుసు అని చెప్పి, సాయంత్రం మురుకులు తీసుకుని వస్తానంటూ ఇంటికి వెళ్ళింది.

ఆమెకు అది కూరలో ఉప్పు చూసి వెయ్యమన్నంత చిన్న మాట. నాకు మాత్రం ఆ రోజంతా కాలు ఒకచోట నిలవలేదు. వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వచ్చానో మరిచిపోవడం, వసారాలోకి వచ్చి ఆ కవరును ఒక చోటినుంచి తీసి ఇంకో చోట పెట్టడం, మళ్ళీ లోపలికి పోవడం. మా ఆయన పేపరు మీదనుంచి కళ్ళెత్తి, ఓటు అవ్వదా నీదా అని ఎగతాళి చేశారు కూడా. ఆయనకు తెలియదు. ఇన్నేళ్ళ కాపురంలో చెప్పని సంగతి అదొక్కటే. నలభై ఏళ్ళకు పైమాటే అయింది, అచ్చం ఇలాంటి చీటీనే నేను ఒకసారి మడిచాను.

మా అమ్మకు అన్నగారు, మా పెద్ద మామయ్య. ఒర్లియంపేటలో ఆయన ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి, పెరడు ఒక్కటే. ఆయనకూ అత్తకూ పిల్లలు లేరు కాబట్టి నేను ఏ ఇంటి పిల్లనో నాకే సరిగా తెలియకుండా పెరిగాను. పెద్ద మార్కెట్టు పక్క సందులో ఆయనకు పచారీ కొట్టు ఉండేది. మిరియాలు, శొంఠి, పిప్పళ్ళు, పచ్చకర్పూరం, బాలింతలకు కావలసిన మందు దినుసులూ అన్నీ దొరికేవి. మా కుటుంబాలు ఎన్నో తరాల కింద తెలుగు దేశంనుంచి వ్యాపారానికి వచ్చి ఇక్కడ నిలిచిపోయినవి. ఇంట్లో తెలుగు మాట్లాడతాం గాని చదవడం రాదు. నాకు కాన్వెంటులో ఫ్రెంచి వచ్చింది, వీధిలో తమిళం వచ్చింది, ఈ తెలుగు అక్షరాలు మాత్రం పెళ్ళయ్యాక నెల్లూరు మనిషైన మా ఆయన దగ్గర నేర్చుకున్నవి. అందుకే ఈ రాతలో ఎక్కడైనా తప్పు దొర్లితే అది ఆయన ఖాతాలో వేసుకోండి.

ఫ్రెంచివాళ్ళు ఊరు వదిలి వెళ్ళాక, కాగితాల మీద అంతా ఖాయమైన రోజుల్లో, ఇక్కడ పుట్టినవాళ్ళకు కొన్ని నెలల గడువిచ్చారు. ఇష్టమున్నవాళ్ళు సంతకం పెట్టి ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోవచ్చు, పెట్టనివాళ్ళు భారతీయులవుతారు. మా ఇంట్లో ఎవరూ సంతకం పెట్టకూడదని తాతయ్య తీర్మానించాడు. మామయ్య ఒక్కడు వెళ్ళి పెట్టి వచ్చాడు. తాతయ్య రెండేళ్ళు ఆయనతో మాట్లాడలేదు. ఊళ్ళో అందరూ మామయ్యకు దొరల మోజు అనుకున్నారు. ఆయనకు దొరలంటే పడేది కాదు, వాళ్ళ రొట్టె కూడా ఆయనకు సయించేది కాదు. నేను పెద్దదాన్నయ్యాక అడిగితే, ఏ ప్రభుత్వమైనా నీకేం కావాలి అని నన్ను అడిగింది జన్మలో ఆ ఒక్కసారే, అడిగినప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే ఎట్లా అన్నాడు. ఆ సంతకం ఫలితంగా పుట్టిన ఊళ్ళోనే విదేశీయుడై, పేరు నమోదు చేయించుకోవడానికి ఏటా పోలీసు కచేరీ గడప తొక్కవలసి వచ్చేది. అనుమతి అన్న మాట వింటేనే అగ్గి మీద గుగ్గిలమయ్యే మనిషికి అది ఎంత శిక్షో ఆలోచించండి. తన ఊళ్ళో తను ఉండడానికి ఇంకొకడు ముద్ర గుద్దాలా అని ఆ రోజు ఇంట్లో అన్నం ముట్టేవాడు కాదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ డెబ్బైలలో దేనికైనా ఒక కాగితం కావాలి. గోడ కూలితే కట్టుకోవడానికి సిమెంటు పర్మిట్టు, పెళ్ళికి చక్కెర పర్మిట్టు. మామయ్యకు ఊరికి పడమట, సరిహద్దు దాటితే చిన్న పొలం ఉండేది. మన ఊరు ఎలాంటిదో తెలుసు కదా, సైకిలు మీద గట్టిగా పది నిమిషాలు తొక్కితే ఇంకో రాష్ట్రం వచ్చేస్తుంది. ఒక సంవత్సరం ఆ పొలంలో పండిన రెండు మూటల వడ్లు బండిలో వేసుకుని వస్తుంటే చెక్‌పోస్టులో దింపేశారు, బియ్యం గాని వడ్లు గాని అనుమతి లేకుండా దాటకూడదన్నారు. పొలం నాది, వడ్లు నావి, తినే నోరు నాది, నడిమిలో వీళ్ళెవరు అంటూ ఆ రెండు మూటల పక్కన ఎండలో సాయంకాలం దాకా కూర్చుండిపోయాడట. పొద్దుగూకాక అత్త వెళ్ళి తీసుకొచ్చింది. వడ్లు రాలేదు.

అలాగని ఆయన తన వ్యాపారం కోసమే ఇదంతా మాట్లాడేవాడనుకుంటే పొరపాటు. జన్మలో సారా చుక్క ముట్టని మనిషి, సారా కొట్లు మూయించాలని ఊరి పెద్దలు సంతకాలకు వస్తే పెట్టనన్నాడు. తాగవద్దని వాడి పెండ్లాం చెప్పాల, నేను చెప్పాల, పోలీసు యాడనుంచి వచ్చినాడు అని వాదించాడు. ఎమర్జెన్సీ రోజుల్లో ప్రతి కొట్టు ముందూ ధరల బోర్డు పెట్టాలన్నారు. మామయ్య బుద్ధిమంతుడిలా నల్లబల్ల కొని, సుద్దతో మిరియాలు ఇంత, జీలకర్ర ఇంత అని గుండ్రటి తమిళ అక్షరాలతో రాసి, కింద చివరి వరుసలో 'ఈ బోర్డు నా ఇష్టంతో పెట్టింది కాదు' అని కూడా రాశాడు. మూడు రోజులు సందంతా వచ్చి చదివి నవ్వుకుంది. నాలుగో రోజు ఇన్‌స్పెక్టరు వచ్చి దగ్గరుండి ఆ వరుస తుడిపించాడు. తుడిచిన చోట తెల్లటి మచ్చ మిగిలితే, మామయ్య ఆ బోర్డు ఉన్నన్నాళ్ళూ ఆ మచ్చ మీద ఇంకేమీ రాయలేదు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది, అది మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా చూడలేదు. పచ్చకర్పూరం తూచే చిన్న ఇత్తడి త్రాసును ఎన్నికల కాలంలో ఆదివారం ఇంటికి తెచ్చేవాడు. పక్కన గిన్నెడు చింతగింజలు. ఎవరెవరో పంచిన కరపత్రాలన్నీ నేను ఒక్కొక్కటే గట్టిగా చదవాలి. ఇది ఇస్తాం, అది పెడతాం, ఫలానాది మా చేతికి తీసుకుంటాం అన్న మాట వచ్చినప్పుడల్లా ఎడమ చిప్పలో ఒక గింజ. ఇది వదిలేస్తాం, దీని జోలికి రాము, ఈ అనుమతి ఇక అక్కర్లేదు అన్న మాట వస్తే కుడి చిప్పలో ఒక గింజ. ఎడమ చిప్ప టక్కున నేలకు తగిలేది, కుడి చిప్ప గాలిలో ఖాళీగా ఊగుతూ ఉండేది. ఈ దేశంలో ఆయనకు ఓటు లేదు, అయినా శాసనసభకు నిలబడ్డ ప్రతివాడినీ తూచేవాడు. ఓటు లేని మనిషివి నీకెందుకయ్యా అని అత్త విసుక్కుంటే, కొనకపోయినా సరుకు తూచి చూడకూడదా అనేవాడు. నాకు మొదట్లో అది ఆట. కుడి చిప్పలో గింజ పడాలని నేను కరపత్రంలో లేని మాట కలిపి చదివి, ఆయనకు దొరికిపోయి మొట్టికాయ తిన్న రోజులు కూడా ఉన్నాయి.

డిగ్రీ కాగానే నాకు రేషన్ కార్డుల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మా అమ్మ వీధంతా కలకండ పంచింది. మామయ్య మాత్రం చేతిలో పెట్టిన కలకండ ముక్కను నోట్లో వేసుకోకుండా పెరట్లో చీమలకు పెట్టి వచ్చాడు. ఎందుకు పాపా, కొట్టులో కూర్చుంటే నలుగురికి కావాల్సింది ఇస్తావు, ఆడ కూర్చుంటే నలుగురిని నిలబెడతావు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. మా ఆఫీసు కిటికీ దగ్గరికి ఉప్పళంనుంచి చంకలో బిడ్డతో వచ్చే ఆడవాళ్ళను ఆయన చూడలేదు, కార్డు చేతికి అందితే వాళ్ళ మొహంలో వచ్చే వెలుగును చూడలేదు. ప్రభుత్వమనేది లేకపోతే వీళ్ళకు దిక్కెవరని నేను అడిగేదాన్ని. వాళ్ళకు బియ్యం కావాలా, బియ్యం కోసం నిలబడే వరస కావాలా అని ఆయన అడిగేవాడు. రోజూ భోజనాల దగ్గర ఇదే రభస. ఇద్దరిలో ఒక్కరం తగ్గితే ఒట్టు.

ఆ రోజుల్లోనే ఆయన కళ్ళకు పొర కమ్మింది. అప్పట్లో డాక్టర్లు పొర ముదిరేదాకా ఆగాలనేవారు. కొట్టులో దినుసులన్నీ వేళ్ళతో తడిమి, వాసన చూసి తూకం వేసేవాడు గాని అక్షరం కనబడేది కాదు. ఎనభైల మొదట్లో, అటు ఫ్రెంచి అధ్యక్షుడి ఎన్నిక వచ్చింది. ఏడేళ్ళకు ఒకసారి వచ్చే ఎన్నిక, ఆయనకు ఈ భూమ్మీద ఉన్న ఒకే ఒక్క ఓటు. కవరు వచ్చిన రోజునుంచి మామయ్య పెళ్ళివారి ఇంట్లో మనిషిలా తిరిగాడు. త్రాసు వచ్చింది, చింతగింజలు వచ్చాయి. చివరికి మిగిలిన ఇద్దరి కాగితాలూ రెండు ఆదివారాలు చదివించుకున్నాడు. ఆ ఇద్దరి పేర్లూ మనకెందుకు, ఒకరిని గద్దె మీద ఉన్నాయన అనీ, ఇంకొకరిని రావాలనుకున్నాయన అనీ చెప్పుకుందాం. ఇద్దరి ఎడమ చిప్పలూ నేలకు కరుచుకున్నాయి. రావాలనుకున్నాయన బ్యాంకులు, కర్మాగారాలు ప్రభుత్వం చేతికి తీసుకుంటానన్నాడు, ముసలివాళ్ళకు ఎక్కడున్నా వైద్యం, ఆదరువు చూస్తానన్నాడు. ఉన్నాయన కాగితంలో మాత్రం ఒకచోట, చిన్న వర్తకులు నింపవలసిన పత్రాలు కొన్ని తగ్గిస్తానని ఒక ముక్క ఉంది. మామయ్య ఆ ముక్కను మూడుసార్లు చదివించుకుని, కుడి చిప్పలో ఒక గింజ వేశాడు. ఒక్కటంటే ఒక్కటి.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే మామా."

"సరి, ఒక గింజైనా గింజే. ఆయన చీటీ మడిచి నా చొక్కా కుడి జేబులో పెట్టు పాపా. ఆడ బల్ల మీద ఇచ్చే చీటీలు నాకు ఏదేదో తెలియదు. అవి ఎడమ జేబులోకి పోతాయి, ఇది కవరులోకి పోతుంది."

పోలింగు రోజు పొద్దున తలుపు వెనక మేకుకు ఆయన తెల్ల చొక్కా వేలాడుతూ ఉంది. ఇద్దరి చీటీలూ నా చేతిలో ఉన్నాయి. వంటింట్లో అత్త వాచిన కాళ్ళతో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. ముందురోజే వీధి చివరి ఫ్రెంచి పింఛనుదారు ఒకాయన, రావాలనుకున్నాయన వస్తే మన ముసలివాళ్ళకు మంచి జరుగుతుందని ఆమెతో చెప్పి వెళ్ళాడు. ఆమె నన్నేమీ అడగలేదు, ఆ తప్పు ఆమె మీద వెయ్యను. నేనే అనుకున్నాను. ఈ మనిషికి పిల్లలు లేరు, కళ్ళు పోతున్నాయి, రేపు ఎవరు చూస్తారు, చింతగింజ చూస్తుందా? తన మంచి తనకు తెలియడం లేదు, తెలిసిన నేను ఊరుకుంటే పాపం కాదా? భోజనాల దగ్గర పడ్డ మాటల ఉక్రోషం కూడా అందులో లేదని చెప్పను. రావాలనుకున్నాయన చీటీ నాలుగు మడతలు పెట్టి కుడి జేబులో పెట్టాను. రెండో చీటీ పొయ్యిలోకి పోయింది.

సముద్రం వైపున్న ఫ్రెంచివాళ్ళ కచేరీ దాకా రిక్షాలో నేనే తీసుకెళ్ళాను. భారతీయురాలిని కాబట్టి నన్ను గేటు దగ్గరే ఆపేశారు. ఆయన చేతికర్రతో మెట్లు తడుముకుంటూ లోపలికి వెళ్ళడం, అడుగడుక్కీ కుడి జేబు తాకి చూసుకోవడం గేటు బయటనుంచి చూశాను. పరిగెత్తి ఆపుదామా అనిపించింది, కాళ్ళు కదిలాయి కూడా, కాని గేటు దాటడానికి నాకు అనుమతి లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన మొహం పండగ మొహంలా ఉంది. దారి పొడుగునా రిక్షా అతనితో ఊరిబాగోగులు మాట్లాడాడు. నేను సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను.

రావాలనుకున్నాయనే వచ్చాడు. వస్తే రానీ, నేనైతే వెయ్యలేదు అనడం మామయ్యకు అప్పటినుంచి ఆనందమైపోయింది. అక్కడ ఫలానా బ్యాంకు తీసుకున్నారట అని ఎవరైనా చెబితే, నేను వద్దన్నా కదా అనేవాడు. పన్నులు పెంచారట అంటే, నన్ను అడిగినారు, నేను కాదని చెప్పినా అనేవాడు. కొట్టుకు వచ్చినవాళ్ళకు, దేవళంలో పక్కన కూర్చున్నవాళ్ళకు, పాలవాడికి కూడా చెప్పాడు. ఓడిపోయినవాడికి వేసి అంత గర్వపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ మాట విన్నప్పుడల్లా నేను ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేదాన్ని. కుదురన్నది పోయింది నాకు. ఆఫీసులో కార్డుల మీద పేర్లు రాస్తుంటే చెయ్యి ఆగిపోయేది, ఎవరి పేరు ఎవరి కార్డు మీద రాస్తున్నానో అని రెండుసార్లు చూసుకునేదాన్ని. పెళ్ళయి ఉప్పళంలో కాపురం పెట్టినా ఆ గుబులు నాతోనే వచ్చింది.

రెండేళ్ళు గడిచాయి. పొర ముదిరింది. ఇంక ఆలస్యం చేస్తే చూపు దక్కదని డాక్టరు గట్టిగా చెప్పాడు. సరిగ్గా అప్పుడే ఫ్రెంచి కచేరీనుంచి ఒక జాబు వచ్చింది, వయసు మళ్ళిన పౌరులకు కంటి ఆపరేషను ఖర్చు లేకుండా చేయిస్తామని. అది కొత్తాయన పెట్టిన ఏర్పాటో, అంతకుముందునుంచి ఉన్నదో నాకిప్పటికీ తెలియదు, ఊళ్ళో అందరూ కొత్తాయన చలవే అన్నారు. అత్త దేవుడి ముందు దీపం పెట్టింది. మామయ్య ఆ జాబు నా చేత చదివించుకుని, వద్దని రాసెయ్యి అన్నాడు. వద్దన్నవాడి దగ్గరికే పోయి చెయ్యి చాపితే నేను వద్దన్న మాటకు విలువేమి అని ఆయన పట్టు. అత్త ఏడ్చింది, మా అమ్మ తిట్టింది, డాక్టరు కసిరాడు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. కళ్ళు పోయినా సరే, ఆ మాట పోకూడదు.

నా వల్లే ఈయన గుడ్డివాడవుతున్నాడన్న ఆలోచన నన్ను నిలవనివ్వలేదు. మధ్యాహ్నం ఆఫీసునుంచి చెప్పకుండా లేచి ఉప్పళం వెళ్ళకుండా నేరుగా ఒర్లియంపేటకు నడిచాను. పెరట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అత్త పక్కనే చేటలో బియ్యం చెరుగుతోంది.

"మామా, నువ్వు ఆయనకే వేసినావు. నేనే ఆ చీటీ మడిచి జేబులో పెట్టినా. పోయి కళ్ళు బాగుచేయించుకో."

చేట ఆగిపోయింది. ఆయన చెయ్యి మెల్లగా కుడి జేబు దగ్గరికి వెళ్ళింది. రెండేళ్ళ కింది చీటీ ఇంకా అందులో ఉందా అన్నట్టు తడిమాడు.

"ఎందుకు పాపా?"

"నీ మంచికే అనుకున్నా మామా."

"ఆ మాట సర్కారోళ్ళ నోట్లో చాలాసార్లు వింటి. ఇంట్లో వింటానని అనుకోలే."

ఆయన అరవలేదు. అరిచి ఉంటే, కర్ర ఎత్తి ఉంటే నాకు బాగుండేది. అత్తే తేరుకుని, సరిలే, జరిగిందేదో జరిగింది, ఇప్పుడైనా ఆపరేషనుకు ఒప్పుకో అని బతిమాలింది. ఆయన ఆమెతోనే చెప్పాడు.

"ఓటు నాది కాకపాయె. కన్నయినా నాదిగా ఉండనీ."

కొట్టు ముందు భాగం ఒక గాజుల వ్యాపారికి ఇచ్చేసి, తను వెనక చీకటి గదిలోకి సర్దుకుని, ఆ వచ్చినదానితో మద్రాసు వెళ్ళి సొంతంగా ఆపరేషను చేయించుకున్నాడు. సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలతో తిరిగి వచ్చిన రోజు నేను భయపడుతూ చూడ్డానికి వెళితే, నా మొహం రెండు చేతులతో పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, ఏంది పాపా, ఇంతలోనే నీకు తల నెరిసిందే అన్నాడు. ఒక్క వెంట్రుక, అంతే. నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఆ చీటీ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు, ఎవరికీ చెప్పలేదు, నేను వెయ్యలేదు అని గొప్పలు చెప్పుకోవడం మాత్రం ఆ రోజుతో మానేశాడు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే. పాలవాడు గుర్తుచేసి నవ్వించబోయినా, పోనీలేబ్బా అని లోపలికి వెళ్ళిపోయేవాడు. నేను వెళ్ళినప్పుడు భోజనాల దగ్గర వాదన కూడా పెట్టుకునేవాడు కాదు. ఇంతకాలం వాదించి వాదించి నోరు నొప్పి పుట్టిన నేనే, ఏదో ఒకటి అనవయ్యా అని మనసులో వేడుకునేదాన్ని.

నేను చీటీ మార్చిన ఏడేళ్ళకు మళ్ళీ ఎన్నిక వచ్చింది. కవరు వచ్చిందని తెలిసినా నేను ఆ వైపు వెళ్ళలేదు. పోలింగు రోజు పొద్దున ఆయనే మనిషిని పంపి పిలిపించాడు. వెళ్ళేసరికి వసారాలో త్రాసు పెట్టుకుని, భూతద్దం పట్టుకుని ఒక్కో వరుసా తనే చదువుతూ, తనే గింజలు వేస్తున్నాడు. ఎడమ చిప్ప మామూలుగానే నేల మీద ఉంది. అంతా అయ్యాక రెండు చీటీలు తీసి, రెండు చేతుల్లో పట్టుకుని నా ముందు చాపాడు.

"నీకేది ఇష్టం పాపా, చెప్పు."

"నాకు ఆడ ఓటు లేదు కదా మామా."

"లేనివాళ్ళనే ఎవరూ అడగరు. నేను అడుగుతుండా."

ఆ రెండు చీటీల మీద పేర్లు కూడా నేను చూడలేదు.

"నీ ఇష్టం మామా," అన్నాను.

ఆయన కళ్ళద్దాల వెనక కళ్ళు ఇంతలేసి చేసుకుని నన్ను చూసి, "ఆ మాట అప్పుడే చెప్పుంటే సరిపొయ్యేది కదే" అని పెద్దగా నవ్వాడు. అయిదేళ్ళకు విన్న నవ్వు. గోడవైపు తిరిగి, నాకు కనబడకుండా ఒక చీటీని మడిచి కుడి జేబులో పెట్టుకున్నాడు. గేటు దాకా నేనే తోడు వెళ్ళాను. ఎవరికి వేశాడో నాకు ఈనాటికీ తెలియదు.

ఆయనా పోయాడు, అత్తా పోయింది, త్రాసు నా దగ్గరికి వచ్చింది. ఆయన కొట్లాడినవి చాలా మటుకు ఆయన వెనకే పోయాయి. సిమెంటు ఏ వీధిలోనైనా దొరుకుతుంది, వడ్ల లారీలు సరిహద్దు దాటుతుంటే ఎవరూ తల ఎత్తి చూడరు, రెండు మూటల పక్కన ఎండలో కూర్చున్న మనిషి ఒకడుండేవాడని చెబితే పిల్లలు నమ్మరు. అయినా ఆయన గెలిచాడని నా నోటికి రాదు. ఇప్పుడు మన తరఫున నిర్ణయించేవాళ్ళు ఎవరో మొహం కూడా కనబడదు. ఫోను మీ మంచికే అంటూ ఏదో మార్చేస్తుంది, మనం సరే అని నొక్కుతాం. ఆ రోజుల్లో చీటీ మార్చడానికి నేను దొంగతనం చెయ్యవలసి వచ్చింది. ఇప్పుడు అవ్వ తనే తెచ్చి నా ఒడిలో పెట్టింది. నాకు ఆ రోజు కాలు నిలవకపోవడానికి కారణం అదే.

సాయంత్రం అవ్వ మురుకులతో తిరిగి వచ్చేసరికి అటక మీదనుంచి త్రాసు దింపి, బూజు తుడిచి, వంటింట్లోంచి గుప్పెడు చింతగింజలు తెచ్చి కూర్చున్నాను. ఒక్కొక్కరి కాగితం చదివి తమిళంలో చెబుతుంటే ఆమె మొదట విసుక్కుంది, ఇదేం చాదస్తం, ఏదో ఒకటి మడిచి ఇవ్వమంది. నాలుగో కాగితం దగ్గర మాత్రం, ఆగు, ఏమన్నాడు, మళ్ళీ చదువు అంది. అయిదో దానితో పోట్లాటకే దిగింది. చివరికి ఒక బొమ్మ మీద వేలు పెట్టింది. ఆ పేరున్న చీటీ తీసి, పేరు రెండుసార్లు గట్టిగా చదివి, మడవకుండా ఆమె చేతిలోనే పెట్టాను. ఇంటికి పోయి మనవరాలి చేత కూడా చదివించుకో అన్నాను. నీ మీద నీకే నమ్మకం లేదా అని ఆమె నవ్వింది. లేదవ్వా అన్నాను.

ఆమె వెళ్ళాక మా ఆయన పేపరు మడిచి, ఇంతకీ ఎవరికట అని అడిగారు. చెప్పనన్నాను. త్రాసు తీసి అటక మీద పెట్టబోతూ చూస్తే ఎడమ చిప్ప నిండుగా నేలకు ఆనుకుని ఉంది, కుడి చిప్పలో ఏమీ లేదు. గిన్నెలో మిగిలిన గింజల్లోంచి ఒకటి తీసి, ఆ పొద్దు అవ్వ బదులు నేను ఎంచకుండా వదిలేసినందుకు, కుడి చిప్పలో వేశాను. చిప్ప కదలనైనా కదలలేదు.